ఆమోదించిన ఆటు

దిబ్బలపేట దగ్గర సముద్రంలో ఒక బండ ఉంది. ఒకప్పుడు అది ఒడ్డునున్న కొండలో భాగమేనట. మధ్యనున్న మెత్తటి రాతినంతా సముద్రం తినేసి, దీన్ని మాత్రం అరిగించుకోలేక వదిలేసింది. రెండు తాటిచెట్ల ఎత్తు, అడుగున సన్నం, పైన లావు. ఊరివాళ్ళు ఒంటికాలి బండ అంటారు. పైకెక్కడానికి ఎవరో ఎప్పుడో చెక్కిన మెట్లున్నాయి. ఒడ్డుకూ దానికీ మధ్య రెండు వందల గజాల రాతి పరుపు ఉంది. ఆటు వేళ నీళ్ళు వెనక్కి తీస్తే చెప్పులు చేత పట్టుకుని ఆ పరుపు మీద నడిచి వెళ్ళొచ్చు.

దారి పొడవునా రాతి గుంటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. వాటిలో నక్షత్రపు చేపలు, శంఖాన్ని వీపున వేసుకుని తిరిగే పీతలు, వేలు పెడితే ముడుచుకుపోయే పువ్వుల్లాంటి జీవాలు. పిల్లలు ఆ గుంటల దగ్గర కూర్చుంటే లేవరు. వాళ్ళను లేపడానికని వెళ్ళిన పెద్దవాళ్ళు తామూ కూర్చుండిపోతారు. ఎండలు ముదిరాక నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే తెల్లపిట్టలు వేలకొద్దీ వచ్చి బండ మీద గుడ్లు పెడతాయి. గూడు కట్టే అలవాటు లేదు, వట్టి రాతి మీదే పెట్టేస్తాయి. ఊళ్ళో వాటిని టోపీ పిట్టలంటారు.

గనగళ్ళ దానయ్య ఆ బండకు కాపలాదారు. తీర విహార ప్రాధికార సంస్థ అనేది ఒకటి పుట్టి బండను స్వాధీనం చేసుకున్నప్పుడు, బండతో పాటు దానయ్యనూ చేసుకుంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, అంటే ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవలసిన ఉద్యోగం. దానయ్యకు గడియారంతో పని లేదు. ఆ వేళ తిథి ఏదో తెలిస్తే చాలు, వేళ్ళ కణుపుల మీద లెక్క వేసి నీళ్ళు ఎప్పుడు తీస్తాయో, ఎప్పుడు కమ్ముకొస్తాయో చెప్పేస్తాడు.

ఆ లెక్క ఒక్కసారే తప్పాడు. ముప్పై ఏళ్ళ కిందట, ఆల్చిప్పలకు బయల్దేరిన తమ్ముడు అప్పన్న "అన్నా, ఇంకా టైమున్నాదా?" అని అడిగితే, వల బాగుచేసుకుంటూ తలైనా ఎత్తకుండా "గంటున్నాది, ఎల్లు" అన్నాడు. నవమి అనుకున్నది అష్టమి. పరుపుకూ బండకూ మధ్య బండగొంతు అని ఒక సందు ఉంది. పోటు మొదలైతే ముందుగా నిండేదీ, మనిషిని లాగేదీ అదే. అప్పన్న మూడో రోజున పక్క రేవులో దొరికాడు. అప్పటినుంచీ దానయ్య ప్రతి లెక్కా రెండుసార్లు వేస్తాడు. ఈ ముప్పై ఏళ్ళలో బండ దగ్గర ఒక్క ప్రాణం పోలేదు. అతని బతుకులో చెప్పుకోదగ్గది అదొక్కటే. దాన్ని కూడా అతను ఎవరికీ చెప్పుకోడు.

ఇంత పెద్ద సంస్థ ఒక కాపలాదారు వేళ్ళ కణుపుల మీద ఆధారపడి ఉండటం పరిపాలనా దృష్ట్యా సమంజసం కాదని పైవాళ్ళకు తోచింది. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఆటుపోట్ల పట్టిక తయారు చేయమన్నారు. తయారు చేసినవాళ్ళు కూడా బాగా లెక్కలు వచ్చినవాళ్ళే, ఆ ఏడాదికి నిమిషం తేడా లేకుండా కట్టి ఇచ్చారు. అక్కడి నుంచి ఫైలు బయల్దేరింది. భద్రతా విభాగం, ఆటుకూ పోటుకూ మధ్యనున్న సమయాన్ని నిర్వచించమని వెనక్కి పంపింది. ఆర్థిక విభాగం, రోజుకు రెండు ఆటులు ఎందుకు, పొదుపు దృష్ట్యా ఒకటి చాలదా అని అడిగింది. రాత్రి ఆటును అలా కొట్టేశారు. రెండో శనివారం నాడు సముద్రం పనిచేస్తుందా లేదా అన్నది తేలడానికి నాలుగు నెలలు పట్టింది. పదకొండో సంతకం పడేసరికి సరిగ్గా రెండేళ్ళు. పాత సంవత్సరం కనిపిస్తే పైవాళ్ళకు బాగుండదని చివరి గుమాస్తా దాన్ని కొట్టేసి, తేదీలు మాత్రం ఉంచాడు.

రెండేళ్ళలో చంద్రుడు ఎక్కడివాడు అక్కడ కూర్చుని ఉండడు. అందుచేత ఏమైందంటే, పట్టికలో ఆటు అని ఉన్న ప్రతి వేళా సముద్రం నిండు పోటు మీద ఉంటుంది. పోటు అని ఉన్న ప్రతి వేళా పరుపు ఆరి ఉంటుంది. ఇంత నిక్కచ్చిగా తప్పడం కావాలని చేసినా ఎవరికీ చేతకాదు.

పట్టిక పట్టుకుని సహాయ సంచాలకులు కూర్మనాథం గారు జీపులో దిగారు. బండ ఆయన పరిధిలోది, పట్టిక అమలును రోజూ దగ్గరుండి చూడమని ఆయనకు ఉత్తర్వు. మంచి మనిషే. మాట్లాడటం మొదలుపెడితే ఆపడం మాత్రం ఆయన వల్ల కూడా కాదు. పట్టికను పెద్ద బోర్డు మీద రాయించి గేటు పక్కన పాతించి, దానయ్యను పిలిచారు.

"దానయ్యా, నేటి నుంచి ఆటు ఇందులో నిర్దేశించిన ప్రకారం జరుగుతుంది."

దానయ్య ఏడో తరగతి దాకా చదివాడు. బోర్డు చదివాడు, సముద్రం వైపు చూశాడు, మళ్ళీ బోర్డు చదివాడు.

"ఏటి బావూ ఇది? ఇప్పుడు ఆటని రాసున్నాది. సంద్రం సూడండి, పీకల్దాకా ఉన్నాది. ఇయి రెండేళ్ళ కిందటి లెక్కలు బావూ. అప్పుడీ తారీకుకి ఏకాదశి. ఈయేడు చవితి."

"ఏకాదశి, చవితి అనేవి ఈ ఫైలులో ఎక్కడా ప్రస్తావనకు రాలేదు. పదకొండు మంది అధికారులు పరిశీలించారు. ఒక్కరైనా చవితి అనలేదు."

"అధికార్లు ఒప్పుకున్నారు, బానే ఉన్నాది. సంద్రం ఒప్పుకోవాల గదా బావూ?"

"ముసాయిదా పట్టికను ఇదే ఒడ్డున నెల రోజులు ప్రదర్శించి అభ్యంతరాలను ఆహ్వానించాం. ఏ వైపు నుంచీ అభ్యంతరం రాలేదు." కూర్మనాథం గారు ఒక కొత్త రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టారు. "ఇకమీదట నీ పని ఆటు ఎప్పుడో చెప్పడం కాదు. పట్టిక ప్రకారం ఆటు వచ్చిందని ధ్రువీకరించి, సంతకం చేసి, సందర్శకులను వదలడం. సంతకం చేయలేనంటే చెప్పు, చేసేవాళ్ళు బయట చాలామంది ఉన్నారు."

సెలవుల కాలం కావడంతో గేటు అవతల ముప్పై మంది దాకా నిలబడి ఉన్నారు. చంకన పిల్లలు, చేతిలో చెప్పులు. ఎవరో చిన్నపిల్ల "అమ్మా, పీతలేవీ?" అంటోంది. దానయ్య పెన్ను పట్టుకున్నాడు గానీ చెయ్యి కదల్లేదు. ఇంకొకసారి "టైమున్నాది, ఎల్లు" అని చెప్పడమే కదా ఇది అనుకున్నాడు. ఆ రోజుకు కడుపునొప్పి అని కింద కూలబడ్డాడు. ధ్రువీకరించే నాథుడు లేక జనాన్ని వెనక్కి పంపేశారు. రోజూ కడుపునొప్పి రాదు.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే భార్య పోలమ్మ చేపలు తోముతూ విన్నది.

"ఒగ్గీయ్ మావా ఆ ఉజ్జోగం. సల్లగా వల అల్లుకుందువు."

"నానొగ్గీస్తే ఇంకొకడొస్తాడు పోలీ. ఆడు సంతకమెట్టీసి జనాన్ని దింపీస్తాడు. ఆడికి అప్పన్నలాటి తమ్ముడు లేడు గదా."

పోలమ్మ చేప తోక కోసి పక్కన పెట్టింది. "మరయితే సంతకమెట్టు. జనాన్ని మాత్రం దింపకు."

"ఎలగ?"

"రేసను కార్డులో నీ పేరు దిద్దించడానికి నానెల్లినాను, గేపకముందా? పొద్దున్న కూకుంటే సాయంత్రమైపోనాది. అంతసేపూ ఒక్క మడిసి కూడా లేసి ఎల్లిపోలేదు. కాయితం సేతిలో ఎట్టి రాయమంటే మడిసి ఎంతసేపైనా కూకుంటాడు మావా."

మర్నాడు దానయ్య కూర్మనాథం గారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బావూ, నాకో అనుమానం. జనమొచ్చి పిట్టల్ని సూసీసి ఎల్లిపోతన్నారు. ఆలెవలో, ఏ ఊరో, పిట్టలకేటి తెలుస్తాది? మన కాడ ఒక కాయితమైనా లేదు. రేపెవలైనా అడిగితే ఏటి సెప్తారు?"

కూర్మనాథం గారి ముఖం విప్పారింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో కిందివాడు ఒక ఫారం కావాలని అడగడం ఆయన ఎరగరు. ఆ పూటే కూర్చుని సందర్శకుల స్వీయ ప్రకటన పత్రాన్ని స్వయంగా రాశారు. మూడు ప్రతులు. పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలు, ఈత వచ్చునా, వచ్చినచో నేర్పినది ఎవరు. ఇంతకుముందు ఏ పక్షినైనా సందర్శించి యున్నారా, ఆ పక్షి ప్రస్తుతం ఎక్కడ ఉన్నది. గుడ్డు తినే అలవాటు ఉన్నదా, ఉన్నచో ఎవరి గుడ్డు.

మొదటి రోజున దానయ్య ఆటు వచ్చినట్టు సంతకం చేసి, ఫారాలు పంచి, లోపల్లోపల లెక్క చూసుకున్నాడు. రెండు గంటలు పట్టింది. సముద్రం పూర్తిగా తీయడానికి ఆరు గంటలు కావాలి. మిగతా నాలుగు గంటలు మళ్ళీ కడుపునొప్పితోనే నెట్టాడు.

"బావూ, పేనగండం పనికి సాచ్చి సంతకం లేకపోతే ఎలగ?" అన్నాడు మర్నాడు. సాక్షి సంతకం వచ్చింది. సాక్షి అదే రోజున వచ్చిన సందర్శకుడు కాకూడదన్న షరతు కూర్మనాథం గారే కలిపారు. "సెప్పుల కింద ఏటున్నాదో" అన్నాడు ఇంకో రోజు. పాదరక్షల తనిఖీ వచ్చింది. పక్షుల ఏకాంతాన్ని గౌరవిస్తానని తూర్పు ముఖంగా నిలబడి చేసే ప్రమాణం వచ్చింది. అన్నీ కలిపి మూడు గంటలైంది. ఇంకా మూడు కావాలి. కాయితాలతో ఎంత లాగినా అక్కడి నుంచి సాగలేదు. అప్పుడు దానయ్య తన దగ్గరున్న పెద్ద ఆయుధం తీశాడు.

"బావూ, ఇన్ని రాయిస్తన్నాం గానీ పిట్టల గురించి, గుంటల గురించి ఈలకి సెప్పీవోడే లేడు. మీలాటి సదూకున్నోలు సెప్తే..."

వాక్యం పూర్తి కాకముందే కూర్మనాథం గారు కుర్చీలోంచి లేచారు. ఆ రోజున ఆయన సముద్ర పుట్టుకతో మొదలుపెట్టి, తన ఉద్యోగ జీవితంలోని బదిలీల మీదుగా నక్షత్రపు చేప దగ్గరికి చేరేసరికి మూడు గంటల ఐదు నిమిషాలైంది. జనం తలలు వాల్చి నిద్రపోయారు. లేచి చూసేసరికి నీళ్ళు లేవు. పరుపంతా తేలి, గుంటలు మెరుస్తున్నాయి. పిల్లలు కేకలు పెడుతూ పరిగెత్తారు. దానయ్య వాళ్ళ వెనకే నడుస్తూ, బండగొంతులో చీలమండ దాకా కూడా లేని నీళ్ళలో ఒక నిమిషం ఊరికే నిలబడ్డాడు. ఎన్నాళ్ళకో ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

బోర్డు ప్రకారం అది నిండు పోటు వేళ. అయినా ఇబ్బంది రాలేదు. ప్రవేశం మంజూరైన వేళ ఆటు ఉంటే చాలు, నడవవలసింది ఎప్పుడో నిబంధనల్లో లేదు. కూర్మనాథం గారు కూడా ఆరిన పరుపు చూసి సంతోషించారు. "చూశావా, మన పట్టిక ఎంత ముందుజాగ్రత్తతో తయారైందో! పోటు వేళ కూడా నేల పొడిగా ఉంది." దానయ్య చిత్తం బావూ అన్నాడు. రోజూ సంతకం పెట్టే ముందు మాత్రం ఆగి బండగొంతు వైపు చూసేవాడు. ఆ సంతకం అలవాటు కాలేదు.

వారాలు గడిచాయి. ప్రమాదాలు సున్నా. ఆ సున్నా నివేదికలో ఎక్కింది. నివేదిక పైకెళ్ళింది. పట్టిక ప్రవేశపెట్టిన నాటి నుంచి ఒక్క ప్రమాదమూ లేదని ప్రాంతీయ సంచాలకులు హైమావతి గారు మూడు సభల్లో చెప్పారు. మూడో సభలో సంస్థ ఛైర్మన్ గారు ఉన్నారు. ఆయనకు బండ చూడాలనిపించింది. జ్యేష్ఠ పౌర్ణమి నాడు ముహూర్తం పెట్టారు. బోర్డు మీద ఆ రోజు ఆటు తొమ్మిది గంటల అయిదు నిమిషాలకు.

దానయ్య వేళ్ళ మీద లెక్క వేశాడు. రెండోసారి వేశాడు. పున్నమి పోటు, ఏడాదిలో పెద్ద పోట్లలో ఒకటి. పది గంటలకు బండ కింది మెట్టు కూడా మునుగుతుంది. సరే, ఫారాలున్నాయి, ఉపన్యాసముంది, మూడింటికి గానీ నడక ఉండదు అనుకున్నాడు.

ఎనిమిదీ యాభైకి కార్లు వచ్చాయి. ఛైర్మన్ గారు తెల్ల పంచెతో, కొత్త చెప్పులతో దిగారు. దానయ్య మూడు ప్రతుల ఫారం పట్టుకుని ముందుకెళ్ళాడు. హైమావతి గారు మధ్యలోనే ఆ చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు.

"ఛైర్మన్ గారికి ఫారమా? మతి ఉందా? వారికి అన్ని ప్రక్రియల నుంచీ మినహాయింపు ఉంటుంది."

ఈ మాట దానయ్య ఎప్పుడూ ఆలోచించలేదు. "అమ్మా, ఉపన్యాసం..."

"వారు రోజూ ఇచ్చేదే అది."

దానయ్య కూర్మనాథం గారి దగ్గరికి పరిగెత్తాడు. "బావూ, ఒద్దు బావూ. పున్నమి పోటు. సూడండి, గేటు కాడికొచ్చీసినాది."

కూర్మనాథం గారు చూశారు. ఇన్ని వారాల్లో ఆ వేళప్పుడు ఆయన సముద్రం వైపు తిరగడం అదే మొదలు. ఆ సమయానికి ఎప్పుడూ ఫారాల వైపు తిరిగి ఉండేవారు. ముఖం కాస్త పాలిపోయింది. అయినా హైమావతి గారు అక్కడే ఉన్నారు.

"నీరు కనిపిస్తున్న మాట వాస్తవమే," అన్నారు మెల్లగా. "అయితే అది ఆమోదం పొందిన నీరు కాదు. మోకాలి లోతు వరకు ఆటుగానే పరిగణించవచ్చునని నా అభిప్రాయం."

"మోకాలి తరవాత గొంతున్నాది బావూ!"

రిజిస్టరు తెచ్చి దానయ్య ముందు పెట్టారు. సంతకం చేయనన్నాడు. హైమావతి గారు గడియారం చూసుకుని, ఛైర్మన్ గారికి ధ్రువీకరణ నుంచి కూడా మినహాయింపు ఉందన్నారు. ఛైర్మన్ గారు పంచె ఎత్తికట్టి దిగారు. దారి చూపడానికి కూర్మనాథం గారు ముందు నడిచారు. ఫోటోగ్రాఫరు నాలుగడుగులు వేసి, కెమెరా తడుస్తుందని వెనక్కి వచ్చేశాడు. వాళ్ళిద్దరికీ మోకాలు, తొడ, నడుము. "ఇది మామూలేనా?" అని ఛైర్మన్ గారు అడగడం ఒడ్డుకు వినిపించింది. "మామూలే సార్" అన్నది కూడా వినిపించింది. తర్వాత ఒక కెరటం లేచి ఇద్దరినీ ఎత్తి బండగొంతులో పడేసింది.

ఒక్క క్షణం దానయ్యకు అక్కడ అప్పన్న చొక్కా కనిపించింది. రెండో కెరటం దయతలచి వాళ్ళను గొంతులోంచి ఊడలాగి బండ కింది మెట్టు మీదికి విసిరింది. ఇద్దరూ నాలుగు కాళ్ళ మీద పైకి పాకారు. పైన టోపీ పిట్టల గుడ్లు. వేల పిట్టలు ఒక్కసారిగా లేచి వాళ్ళ నెత్తిన పొడవడం మొదలుపెట్టాయి. పైకెళితే పిట్టలు, కింద ఉంటే సముద్రం. పది కావస్తోంది, నీళ్ళు ఇంకా ఎక్కుతున్నాయి.

రక్షణ పడవ ఉంది. దాని గొలుసుకు తాళం ఉంది. తాళంచెవి హైమావతి గారి దగ్గర ఉంది. ఆటు వేళ పడవ దింపితే రాళ్ళకు తగిలి పగులుతుంది కాబట్టి దింపరాదని నిబంధన. తెలివైన నిబంధనే.

"బోర్డు ప్రకారం ఇప్పుడు ఆటు," అన్నారామె. "ఆటులో పడవ దింపడానికి నాకు అధికారం లేదు. పోటు అని ఎవరైనా రాతపూర్వకంగా ధ్రువీకరిస్తే తప్ప."

దానయ్య రిజిస్టరు లాక్కున్నాడు. ఈసారి ఆగి ఎటూ చూడలేదు. "ఉదయం 9.40. పోటు. పీకల్లోతు. ఇద్దరు మనుషులు బండ మీద ఉన్నారు" అని రాసి, కింద పేరు పూర్తిగా రాశాడు. ఆమె తాళంచెవి ఇచ్చారు. చేపల వేట లేని కాలం, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు మనుషులు తెడ్లు పట్టుకుని అప్పటికే పడవ దగ్గర నిలబడి ఉన్నారు.

వాళ్ళు చేరేసరికి ఛైర్మన్ గారు ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. ఒంటినిండా తెల్లటి రెట్ట. దానయ్య పడవలోంచే అరిచాడు. "రెండో కాలు కింద ఎట్టకండి బావూ! గుడ్లున్నాయి! నాను సెప్పినకాడ ఎట్టండి!" ఛైర్మన్ గారు చెప్పినకాడే పెట్టారు. జీవితంలో ఆయన ఒకరి మాట అంత బుద్ధిగా విన్నది ఆ పది నిమిషాలేనేమో. కూర్మనాథం గారిని దింపేటప్పుడు ఆయన దానయ్య చెయ్యి పట్టుకుని, ఒడ్డుకు చేరేదాకా వదల్లేదు. ఒక్క ముక్క మాట్లాడలేదు కూడా.

ఒడ్డున కెమెరాలున్నాయి. ఛైర్మన్ గారు తువ్వాలు కప్పుకుని, గొంతు సవరించుకున్నారు. "పక్షులతో కొంత అధిక సమయం గడపాలనిపించింది. తిరుగు ప్రయాణం పడవలో చేస్తే బాగుంటుందని నేనే కోరాను." అందరూ చప్పట్లు కొట్టారు. ఆ విధంగా అక్కడ ఏమీ జరగలేదు.

ఏమీ జరగకపోతే రిజిస్టరులో ఆ వాక్యం ఎందుకున్నట్టు? మర్నాడు కూర్మనాథం గారు ఎర్ర పెన్నుతో వచ్చారు. జీపును దూరంగా ఆపించి, ఒక్కరే నడిచి వచ్చి దానయ్య పక్కన ఇసుకలో కూర్చున్నారు.

"నాకు తెలుసు దానయ్యా," అన్నారు. ఆఫీసు భాష లేకుండా ఆయన మాట్లాడటం దానయ్య మొదటిసారి విన్నాడు. "నేను ఆ నీళ్ళు మింగాను. ఇన్నాళ్ళూ నువ్వు నా చేత ఎందుకు మాట్లాడించావో బండ మీద నిలబడ్డప్పుడు అర్థమైంది. కానీ ఈ వాక్యం ఉంటే ఛైర్మన్ గారు అబద్ధమాడినట్టవుతుంది. నువ్వు కొట్టెయ్యకపోతే వాళ్ళు పేజీ చింపేస్తారు, నిన్ను తీసేస్తారు, ఇంకొకణ్ణి పెడతారు. ఆపడం నా చేతిలో లేదు."

"పట్టీ మార్చరేటి బావూ?"

"మార్చమని నిన్న రాత్రే రాశాను. పదకొండు సంతకాలు కావాలి."

దానయ్య రిజిస్టరు తెరిచి ఆ వాక్యం చూశాడు. నోట్లో నిజం పట్టుకుని కక్కలేక మింగలేక కూర్చున్నాడు. ఆఖరికి అన్నాడు, "కొట్టీస్తాను. మీరొక కాయితం ఇవ్వండి. ఎంతటోడైనా సరే, మినాయింపు లేదని. ఫారం రాయాల, పెమాణం సెయ్యాల, మీ ఉపన్యాసం ఇనాల. ఆ దేవుడొచ్చినా సరే."

కూర్మనాథం గారు అక్కడే, మోకాలి మీద కాయితం పెట్టుకుని ఉత్తర్వు రాసి సంతకం చేశారు. దానయ్య దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ రిజిస్టరు మొత్తం మీద ఉన్న ఒకే ఒక్క నిజం మీద ఎర్రగీత గీసి, పక్కన పొడి సంతకం పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మోసపోయినట్టు లేదు, గెలిచినట్టూ లేదు.

బేరం నిలబడింది. తర్వాతి నెలలో ఒక జిల్లా పెద్ద, ఇద్దరు సినిమావాళ్ళు ఫారాలు నింపి, ఎవరి గుడ్డు తింటారో మూడు ప్రతుల్లో రాసి, ఉపన్యాసంలో నిద్రపోయి, ఆరిన పరుపు మీద నడిచి వెళ్ళారు. టోపీ పిట్టల పిల్లలకు రెక్కలు వచ్చాయి.

అప్పుడు పైనుంచి ఉత్తరం వచ్చింది. కూర్మనాథం గారు చదివి వినిపించారు. ఒంటికాలి బండ వద్ద ఆమోదిత పట్టిక సాధించిన ప్రమాదరహిత రికార్డును దృష్టిలో ఉంచుకుని, సదరు పట్టికను యథాతథంగా తీరంలో ఆటు వేళ సందర్శకులు దిగే మరో పదకొండు రేవులకు వచ్చే సోమవారం నుంచి వర్తింపజేయడమైనది. సందర్శకుల సౌలభ్యం దృష్ట్యా అచ్చట ఎటువంటి ఫారములూ ఉండరాదు.

దానయ్య నిలబడ్డవాడు కూర్చున్నాడు. ఆ మచ్చలేని రికార్డు తన ఎర్రగీతే. ఒక్క బండ దగ్గర జనాన్ని ఆపడానికి తను పెట్టిన సంతకాలు పదకొండు చోట్ల జనాన్ని నీళ్ళలోకి తోస్తున్నాయి. "టైమున్నాది, ఎల్లు" అని ఈసారి పదకొండు రేవుల్లో చెప్పాడు.

"నాను సెలవెడతాను బావూ. ఒక్కో రేవుకీ ఎల్తాను. అడ్డంగా తొంగుంటాను."

"నిన్ను లేపి పక్కన పడుకోబెడతారు," అన్నారు కూర్మనాథం గారు. ఉత్తరం ఇంకోసారి చదివారు. "ఫారం వద్దన్నారు. ప్రమాణం కూడా వద్దన్నట్టే. ఉపన్యాసం సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు." లేచి ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకున్నారు. "సహాయ సంచాలకుడు ఏ రేవులోనైనా మాట్లాడవచ్చు. రోజుకొక రేవు. నువ్వు తిథి చూసి ఏది ముందో చెప్పు."

"మిగిలిన పది రేవులో?"

"అక్కడి కాపలాదార్లను సోమవారం శిక్షణకు మొదటి రేవుకు పిలిపిస్తున్నాను. వాళ్ళు లేకపోతే ధ్రువీకరించేవాళ్ళుండరు, అక్కడ ఎవరినీ వదలరు. నువ్వు లేక ఇక్కడా అంతే. తర్వాత సంగతి నువ్వు వాళ్ళకు చెప్పు. కడుపునొప్పి ఎలా వస్తుందో కూడా చెప్పు."

సోమవారం మొదటి రేవులో బోర్డు కొత్త రంగుతో మెరుస్తోంది. ఆటు, పది గంటల ఇరవై నిమిషాలు. సముద్రం గట్టు అంచుకు తన్నుతోంది. డెబ్బై మంది దాకా జనం, సగం మంది పిల్లలు, చెప్పులు చేత పట్టుకుని తోసుకుంటున్నారు. దానయ్య పదకొండు మంది కాపలాదార్లను చెట్టు కింద కూర్చోబెట్టి వేళ్ళ కణుపులు చూపిస్తున్నాడు. కూర్మనాథం గారు గేటుకు అడ్డంగా ఒక స్టూలు వేయించుకుని ఎక్కారు. ఇంతకాలం ఎన్నో ఉపన్యాసాలిచ్చారు గానీ, ఎందుకిస్తున్నారో తెలిసి ఇవ్వడం అదే మొదటిసారి.

"సోదర సోదరీమణులారా," అన్నారు, "ముందుగా సముద్రం ఎలా పుట్టిందో మనవి చేస్తాను."

ఆరు గంటల పది నిమిషాలు మాట్లాడారు. గొంతు నాలుగో గంటకే పోయింది. తర్వాత సైగలతో చెప్పారు. ఎవరూ నీళ్ళలో దిగలేదు.